గుట్ట డ్యూటీ

పులి వచ్చిందన్న సంగతి మా ఫారెస్టు ఆఫీసుల అందరికంటె ముందు నాకే తెలిసింది. కార్తీకం మొదలైన వారం అది. బోడగుట్ట కింద వాగు ఇసుకల అడుగులు పడ్డయని వాచర్ సోమ్లా వాట్సాప్ గ్రూపుల ఫోటో పెట్టిండు. కొలత తెల్వాలని అడుగు పక్కన తన చెయ్యి ఆనిచ్చి తీసిండు. కష్టం చేసి చేసి మొద్దుబారిన పెద్ద చెయ్యి సోమ్లాది. అడుగు దానికంటె వెడల్పుగ ఉంది.

రేంజర్ సార్‌కు చూపెట్టిన. ఆయన ఫోన్ దగ్గరికి పట్టి చూసి, దూరంగ పట్టి చూసి, "చార్టు జాగ్రత్తగ వెయ్యి సునందా" అన్నడు. గంతే. తర్వాత కొత్తగూడెం పెద్ద సార్ల నుంచి ఫోన్లు మొదలైనయి, ఆయనకు మళ్ల నా వైపు చూసే తీరిక దొరకలేదు.

నేను ఆ ఆఫీసుల కంప్యూటర్ ఆపరేటర్ని. ఔట్‌సోర్సింగ్. ఉత్తరాలు కొట్టుడు, ఫోటోలు ఎక్కించుడు, వాచర్లకు డ్యూటీ చార్టు వేసుడు నా పని. వాచర్లు పన్నెండు మంది. పనిచేసే చోట్లు మూడు: ములకలపల్లి రోడ్డు మీద చెక్‌పోస్టు, ఊరి పక్కన నర్సరీ, అడివి లోపల బోడగుట్ట మీద క్యాంపు. ఒక్కో చోట నలుగురు, వారానికొకసారి మార్పు. శనివారం మధ్యాహ్నం నేను చార్టు కొడితే సార్ సంతకం పెడ్తడు, నేను ఫోటో తీసి గ్రూపుల పెడ్త. సోమవారం పొద్దున ఆరున్నరకు గుట్ట మీదికి పోయేటోళ్లను జీపు తీసుకపోతది. మళ్ల సోమవారం దాకా వాళ్లు అక్కడ్నే.

అంతకుముందు అందరు గుట్ట డ్యూటీనే అడుగుదురు. అక్కడ సార్లు ఉండరు, వండుకొని తినొచ్చు, మధ్యాహ్నం నడుం వాల్చొచ్చు. చెక్‌పోస్టు కాడ లారీలోళ్లతోటి లొల్లి, నర్సరీల ఎండల బస్తాలు మోసుడు. పులి అడుగు ఫోటో వచ్చిన నాడు మొత్తం తిరగబడ్డది.

ఆ పన్నెండు మందిల మా ఆయన బిక్షపతి ఒకడు.

మొదటి శనివారం వరస ప్రకారం గుట్ట మీదికి పోవాల్సింది ఆయనే. పేరు కొట్టిన. కొట్టినంక ఆ గడిల ఆ పేరును చూస్తుంటే ఇసుకల అడుగు కళ్లముందరికొచ్చింది. ఆయనకు పది రోజుల కింద జ్వరం వచ్చి తగ్గింది. ఇంక నీరసం ఉండొచ్చు అనుకున్న. పేరు చెక్‌పోస్టుకు మార్చి, ఆ జాగల లాలు అనే ఇంకో వాచర్ పేరు పెట్టిన. సార్ చూడకుండనే సంతకం పెట్టిండు.

రెండో శనివారం మా అత్తమ్మ నాంచారమ్మకు కంటి ఆపరేషను. ఇంటికాడ మనిషి ఉండాలె. ఆయనకు నర్సరీ వేసిన. మూడో శనివారానికి సాకు కూడ వెతుక్కోలేదు.

ఆ వారాల్ల భయం ఊరంత పాకింది. వాగు అవతల ఒక ఆవును కొట్టి సగం తిన్నదన్నరు. పంచాయితోళ్లు డప్పు సాటింపు ఏపించిన్రు: పశువులను అడివిలకు తోలొద్దు, ఆరు లోపట ఇండ్లల్లకు చేరాలె. పత్తి ఏరే ఆడోళ్లు నాలుగుకే మూటలు కట్టుకొని గుంపుగ వస్తుండ్రు, అందరికంటె వెనక నడిచేదానికి ఎవ్వరు ఒప్పుకోకపోదురు. మా అత్తమ్మ కంటికి పట్టీతోనే గడపల కూసోని కొడుకు బండి చప్పుడు కోసం చెవులొగ్గి ఉండేది. మొదటి వారమే నాతోని అన్నది, "నీ చేతిల పని బిడ్డా, వాణ్ణి అటు పంపకు" అని. ఆ మాట నాకు ధైర్యమిచ్చింది. తప్పు ఒక్కదాని నెత్తిమీద లేనట్టు అనిపించింది.

శుక్రవారం వచ్చిందంటె ఒక్కొక్కరు నా టేబుల్ కాడికి వస్తుండ్రు. ఒకరు నడుం నొప్పికి డాక్టర్ చీటీ తెస్తరు, ఒకరు బిడ్డ పెండ్లి చూపులంటరు. నేను అందరికి ఒకటే చెప్పేది, "నా చేతిల ఏముంది, వరస ప్రకారం పడ్తయి" అని. చెప్తున్నప్పుడు వాళ్ల మొఖం చూడకుండ కంప్యూటర్ వైపు చూసేదాన్ని. ఏమి అడగనోడు సోమ్లా ఒక్కడే. అడగనోన్ని పంపుడు సులువు. ఐదు వారాల్ల నాలుగు సార్లు పంపిన.

ఇంటికాడ మా ఆయన మాట తగ్గింది. ఏదన్న అడిగితే అవ్ అనో లేదనో అంటడు. మధ్యాహ్నానికి పంపిన టిఫిన్ సగం తిరిగొస్తుండె. పులి భయమేమో అనుకున్న. గుట్ట మీదికి పంపకపోతేనే గిట్లున్నడు, పంపితే ఏమైపోవునో అని నాకు నేనే జవాబు చెప్పుకున్న.

ఆరో శనివారం పొద్దున సోమ్లా భార్య కమ్లి మా ఇంటికొచ్చింది.

తండా నుంచి నడిచి వచ్చినట్టుంది, కాళ్లకు మంచు తడి ఉంది. నేను ఆఫీసుకు తయారైతున్న. మా ఆయన చెక్‌పోస్టుకు పోయిండు. అత్తమ్మ పీట వేస్తే కమ్లి కూసోలేదు. కొంగు ముడిలనుంచి ఫోన్ తీసింది. ఐదు వారాల చార్టులు అందుల దాసింది. పదో తరగతి చదివే బిడ్డ పుష్పతోని చదివిపిచ్చుకున్నదట.

"ఐదింటిల మా ఆయన నాలుగు సార్లున్నడు చెల్లె. మీ ఆయన ఒక్కసారి కూడ లేడు" అన్నది.

గొంతు పెంచలేదు. నేను జ్వరం సంగతి మొదలుపెట్టిన, అత్తమ్మ కంటి సంగతి చెప్పబోయిన. కమ్లి మొత్తం చెప్పనిచ్చింది. అయినంక అన్నది:

"మా ఆయన పేరు తీసెయ్యమంటలేను. ఆయన అడివిల పుట్టినోడు, పోతడు. మీ ఆయన పేరు కూడ రాయమంటున్న."

కమ్లి పోయినంక నీళ్లు కావాల్నా అని అడగనందుకు నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు పట్టుకొని వెనకాల పరుగెత్తి ఉంటె బాగుండు. బస్సు టైమైతుందని బ్యాగు సర్దుకున్న.

ఆ మధ్యాహ్నం చార్టు తెరిచి గుట్ట క్యాంపు కింద నాలుగు పేర్లు కొట్టిన. సోమ్లా, ఇంకిద్దరు. నాలుగోది బిక్షపతి. ప్రింటు తీసేముందు చాయ్ తాగొస్త అని బయటికి పోయిన. చాయ్ బండి కాడ ఎవరో చెప్పుకుంటున్నరు, ఆవును కొట్టిన జాగల ఎముకలు ఎట్ల పడి ఉన్నయో. గ్లాసు సగంల పెట్టేసి లోపలికొచ్చిన. నాలుగో పేరు తీసేసి లాలు పేరు కొట్టిన. సార్ సంతకం పెట్టిండు. గ్రూపుల ఫోటో పెట్టిన. ఎప్పుడూ ఎవరో ఒకరు సరే అని పెడ్తరు. ఆ రోజు ఎవ్వరు ఏమి పెట్టలేదు.

ఆదివారం మా ఆయన యూనిఫాం తానే ఉతుక్కున్నడు. స్వెట్టర్ ఎక్కడుందని అడిగిండు. చెక్‌పోస్టు కాడ గంత చలేందని నేనంటె, పొద్దుగాల మంచు పడ్తుందన్నడు. సోమవారం నేను లేచేసరికే బండి తీసుకొని పోయిండు.

సోమవారాలు పదిన్నరకు హాజరు ఫోటోలు వస్తయి. మూడు చోట్ల నుంచి నలుగురేసి నిలబడి, టైము, జాగ పడేటట్టు ఫోటో దిగి పంపాలె. నేను వాటిని ఎక్కించాలె. చెక్‌పోస్టు ఫోటో ముందుగాల వచ్చింది. అందుల ఉండాల్సిన మా ఆయన జాగల లాలు నిలబడ్డడు. నాకు ఏందో అర్థం కాలేదు. అప్పుడే గుట్ట మీది ఫోటో వచ్చింది, జీపు డ్రైవర్ అక్కడ తీసి కిందికి దిగినంక పంపింది. కుడి నుంచి రెండో మనిషి మా ఆయన. నేను వెతికిచ్చిన స్వెట్టర్ వేసుకున్నడు. చెయ్యి సోమ్లా భుజం మీద ఉంది.

చెక్‌పోస్టుకు ఆటోల పోయిన. నన్ను చూసి లాలు స్టూలు మీదనుంచి లేచిండు. "పొద్దున గేటు కాడ అన్ననే వచ్చి నన్ను జీపు దిగమన్నడు మేడం. నీ బదులు నేను పోత అన్నడు. నేను వద్దనలేదు" అన్నడు. ఆయన మొఖంల దాపరికం ఏం లేదు. వద్దని ఎందుకంటడు?

తిరిగొచ్చి సార్ గది తలుపు కాడ నిలబడ్డ. జీపు పంపి ఆయన్ని కిందికి తెప్పించాలని అడుగుదామని. సార్ ఫోన్ మాట్లాడుతూనే ఏందన్నట్టు తలెగరేసిండు. ఏమని చెప్పాలె? డ్యూటీ చేస్తున్న మనిషిని ఎందుకు దింపాలె అంటె, నా మొగుడు గనుక అని తప్ప వేరే జవాబు లేదు. ఏం లేదు సార్ అని వచ్చి కూసున్న.

గుట్ట మీద సిగ్నల్ ఉండదు. మధ్యాహ్నం ఒకరు పెద్ద బండ ఎక్కితే ఒక గీత దొరుకుతది. అక్కడినుంచి దినాం ఒక మెసేజ్ రావాలె, అందరం క్షేమం అని. ఇన్ని వారాలు ఆ మెసేజ్ వస్తె నేను రిజిస్టర్ల టిక్కు పెట్టి ఊకున్న, చదివింది కూడ లేదు. ఆ సోమవారం పదకొండు నుంచే ఫోన్ పట్టుకొని కూసున్న. పన్నెండు నలభైకి వచ్చింది. మంగళవారం ఒంటిగంట దాటింది. ఆ ఇరవై నిమిషాల్ల నేను బాత్రూంల గోడకు ఆనుకొని నిలబడ్డ. కమ్లి ఐదు వారాలు ఈ టైముల ఏం చేసి ఉంటది, ఆమెకు ఈ మెసేజ్ కూడ రాదు గదా అని అప్పుడు తోచింది. అంతకుముందెన్నడు తోచలేదు.

ఇంటికాడ అత్తమ్మకు అబద్ధం చెప్పిన, చెక్‌పోస్టు కాడ రెండు షిఫ్టులు చేస్తున్నడని. ఆమె నమ్మలేదు. పొయ్యి ముందర కూసోని మాటిమాటికి మంట ఎగదోస్తుండె.

బుధవారం మెసేజ్ టైముకే వచ్చింది. క్షేమం అన్న దాని కింద ఇంకో లైను కూడ ఉంది: అన్న మంచిగ తింటున్నడు. సోమ్లా రాసింది. ఆ లైను ఎందుకు రాసిండో తెల్వక రెండు మూడు సార్లు చదివిన.

గురువారం పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. సోమ్లా. ఆ వేళప్పుడు ఎవ్వరు బండ ఎక్కరు. ఎత్తడానికి భయమై ఫోన్ చేతిల పట్టుకొనే నిలబడ్డ. అత్తమ్మ అది గుంజుకొని, బటన్ నొక్కి నా చెవికి పెట్టింది.

"పులి కాదు మేడం" అన్నడు సోమ్లా. ఆయాసపడుతున్నడు. "కరెంటు. బతికే ఉన్నడు. రోడ్డు మీదికి మోసుకొచ్చినం, జీపు వస్తుంది. మీరు కొత్తగూడెం దవాఖానాకు రాండ్రి."

జరిగింది నాకు దవాఖానా మెట్ల మీద తెలిసింది. సోమ్లా ఒంటి మీద అంగీ లేదు, అది చింపి మా ఆయన చేతికి కట్టిండు. దినాం పొద్దుగాల ఇద్దరిద్దరు వాగు వెంట నడిచి అడుగులు చూసొస్తరు. మూడు రోజులు కూడ మా ఆయనే ముందు నడిచిండట, సోమ్లా వద్దన్నా వినలేదట. ఆ రోజు పొగమంచు కమ్మింది. అడివి అంచుకు ఒక మక్కచేను ఉంది. పందులు రాకుండ రైతు చుట్టూ కట్టెలు పాతి మోకాలెత్తుల సన్న తీగ గుంజి, మోటరు లైనుకు తగిలిచ్చిండు. పొద్దున ఆరు గొట్టంగ తీసేస్తడట. వీళ్లు పావుగంట ముందే వచ్చిన్రు. తీగ కాలికి తగిలి మా ఆయన ముందుకు తూలిండు, పడుతు పడుతు చేత్తోని దాన్నే పట్టుకున్నడు.

సోమ్లా చేతిల ఎండు వెదురు కర్ర ఉండె. దానితోని తీగను కొట్టి విడిపిచ్చిండు. మా ఆయనకు ఊపిరి ఆడలేదు. ట్రైనింగుల చూపెట్టిన తీరుగ ఛాతి మీద నొక్కుతనే ఉన్నడట, ఎంతసేపో తనకు తెల్వదన్నడు. క్యాంపుల ఉన్న ఇద్దరు ఉరికొచ్చినంక దుప్పటిల వేసుకొని మోసేటప్పుడు నాలుగో మూల పట్టింది ఆ మక్కచేను రైతే. ఆయన కూడ దవాఖానా దాక వచ్చి గేటు బయట కింద కూసున్నడు. పోలీసోళ్లు వచ్చేదాక అట్లనే ఉన్నడు. పందుల కోసమమ్మా అన్నడు నాతోని, ఒక్కసారే.

ఆ రోజే ఖమ్మం తీసుకపోయినం. ప్రాణానికి భయం లేదని మూడో రోజు చెప్పిన్రు. కుడి చేతి రెండు వేళ్లు తీసెయ్యాల్సి వచ్చింది.

ఆదివారం రేంజర్ సార్ చూడొచ్చిండు. మంచం పక్కన కాసేపు నిలబడి, నన్ను వరండాలకు పిలిచి ఒక మాట చెప్పిండు. గోదావరి అవతల సరిహద్దు దాటినంక అక్కడి కెమెరాలల్ల మన పులి పడ్డదట. చారలు సరిపోయినయట. తారీఖు చూస్తె కార్తీకం రెండో వారం. మన దిక్కు చెట్లకు కట్టిన కెమెరాలల్ల దాని ఆఖరి ఫోటో కూడ ఆ ముందటి రోజుదే. ఆవును కొట్టింది పోతా పోతనే.

నేను వేళ్ల మీద లెక్కబెట్టిన. నేను మూడో చార్టు కొట్టేనాటికి అడివిల పులి లేదు. లేని పులికి భయపడి నాలుగు శనివారాలు వేరేవాళ్ల మొగళ్లను రాసిన.

ఆ సాయంత్రం మా ఆయనకు తెలివిగ ఉంది. నాకెందుకు చెప్పకుండ పోయినవని అడిగిన.

"రెండో వారం నుంచి నాతోని ఎవ్వరు తింటలేరు" అన్నడు. "నేను టిఫిన్ విప్పంగనే ఒక్కొక్కడు లేస్తుండె. ఒక్క మాటంటె జవాబు చెప్దును. ఎవ్వరు అనలే."

"నాతోని చెప్తే నీ పేరు రాసేదాన్ని."

"రాస్తుంటివా?"

నేను గ్లూకోజు సీసా చూస్తున్నట్టు తల తిప్పుకున్న. ఆయన కట్టు లేని చేతితోని నా మణికట్టు పట్టుకున్నడు. కోపం లేదన్నడు. ఆ జాగల తానున్నా నా పేరు రాయకపోయేటోణ్ణే అన్నడు. గుట్ట మీద మొదటి రోజు సోమ్లా తన గిన్నెల అన్నమే సగం పెట్టిండని, అంత అన్నం తిని చాన రోజులైందని చెప్పి కండ్లు మూసుకున్నడు.

ఇంటికి తీసుకొచ్చిన నాడు అత్తమ్మ కొడుకు చేతిని ఒళ్లె పెట్టుకొని కూసున్నది. "అటు పంపకు అన్నది నేనే బిడ్డా" అన్నది నాతోని. నేను వినబడనట్టు పొయ్యి కాడికి పోలేదు ఈసారి. పక్కన కూసోని, "అవ్ అత్తమ్మా, రాసింది నేను" అన్న.

సార్‌కు జరిగిందంత చెప్పిన. చార్టు పని నాకొద్దన్న. మరి ఎవరు వేస్తరన్నడు. నాలుగు రోజులు ఆలోచించి, శనివారం గుట్ట మీదోళ్లను కూడ ఆ పూటకు జీపుల తెప్పించి, మా ఆయన పోను పదకొండు మందిని ఆఫీసు వరండాలకు పిలిచిన. ఆరు వారాల చార్టులు నేను ఎట్ల రాసిన్నో వాళ్లముందర చెప్పిన. తల దించుకొనే చెప్పిన, అబద్ధమెందుకు. ఎవ్వరు తిట్టలేదు. తిడితే బాగుండనిపించింది. ఇప్పటినుంచి చార్టు ఇక్కడ్నే, అందరి ముందరే వేద్దామన్న. లాలు లేచి ఈ వారం గుట్ట మీదికి తన పేరు ముందు రాయమన్నడు. సోమ్లాకు అందరు కలిసి నర్సరీ వేసిన్రు. మా ఆయన చెయ్యి మానేదాక ఆయన జాగల ఎవరు పోవాలన్నదానికి కొంచెం సేపు మాటామాటా పెరిగింది. పెరగనిచ్చిన.

పులి లేదని అందరికి తెలిసింది. కాని తీగలు ఎన్నున్నయో, ఏ చేను పక్కన ఉన్నయో ఎవ్వరికి తెల్వదు. కరెంటోళ్లతోని కలిసి సార్ తిరుగుతున్నడు. ఇరవై చేన్లు చూస్తె ఏడింటికి దొరికినయి. చూడనివి ఎన్నో.

ఆ సోమవారం మొదటిసారి ఆరింటికే ఆఫీసుకు పోయిన. ఇంక మంచు విడవలేదు. గేటు బయట ఆడోళ్లు నిలబడి ఉన్నరు. జీపు ఎక్కేటోళ్ల భార్యలు, ఒకరి తల్లి. దినాం పదింటికి వచ్చే నాకు, వాళ్లు అట్ల వచ్చి నిలబడతరన్న సంగతే తెల్వదు. కమ్లి కూడ ఉంది, ఆ వారం సోమ్లా పేరు లేకపోయినా. నలుగురు ఎక్కిన్రు. లాలు టార్చి లైటు వేసి చూసి, మళ్ల ఆర్పి జేబుల పెట్టుకున్నడు. జీపు కదిలింది.

మా ఆయన అందుల లేడు. ఇంట్ల చెయ్యి కడుపు మీద పెట్టుకొని పండుకున్నడు. అయినా జీపు మలుపు కాడికి పోయేసరికి నేను గేటు పట్టుకోబోయిన. దాని పక్కన కమ్లి ఉంది. ఆమె నా దిక్కు చూడలేదు. కొంచెం జరిగి నాకు జాగ ఇచ్చింది.